పది పేజీల స్క్రిప్ట్, మూడు లొకేషన్లు: ఓ స్టూడెంట్ షార్ట్ ఫిల్మ్ షూటింగ్ లాగ్

స్క్రిప్ట్ పది పేజీలు, పదమూడు సీన్లు, ఇద్దరు నటులు, ఏడుగురు యూనిట్. కాగితం మీద లొకేషన్లు మూడు: కోనసీమలో ఒక మండువా ఇల్లు, రాజమండ్రి పుష్కర ఘాట్, ఒక రైల్వే ప్లాట్‌ఫాం. మూడో చోట ఒక్క షాట్ కూడా తీయలేదు, కారణం రెండో దశలో ఉంది. అనుకున్న ఖర్చు రూ. 30,000, షూటింగ్ మూడు రోజులు. రెండూ దాటాయి.

సామాను: ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న మిర్రర్‌లెస్ కెమెరా, 35 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్, 18-55 కిట్ లెన్స్, ఒక షాట్‌గన్ మైకు, ఒక కాలర్ మైకు, చేతి రికార్డర్, 60 వాట్ల ఎల్ఈడీ లైటు ఒకటి, అద్దెకు తెచ్చిన 1000 వాట్ల హాలోజన్లు రెండు, నాలుగు థర్మోకోల్ షీట్లు, నల్లగుడ్డ పది మీటర్లు, మల్టీమీటర్, 30 మీటర్ల టేపు, సుద్దముక్కలు. ఇందులో ఎక్కువ పని చేసింది చివరి మూడూ.

దశ 1: రెక్కీ (జనవరి 4, 5)

మొదటి తప్పు రెక్కీకి (షూటింగ్‌కు ముందు లొకేషన్ చూసి రావడానికి) ముందే జరిగింది. ఇంటివాళ్లు ఫోన్లో పంపిన ఫోటోలు చూసి సీన్ 2 రాసుకున్నాం: మండువా మధ్యలో, ఎండలో, పీట మీద కూర్చుని తండ్రి ఉత్తరం చదువుతుంటాడు. ఆ ఫోటోలు మే నెలవి. మేలో ఇక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నెత్తిమీదే ఉంటాడు కాబట్టి ఎండ తిన్నగా మండువాలోకి దిగుతుంది. జనవరిలో అలా దిగదు.

లెక్క ఇదీ. మండువా తెరపి 8 అడుగులు × 8 అడుగులు, చూరు ఎత్తు 9 అడుగులు. జనవరి చివర్లో ఇక్కడ సూర్యుడు ఎంత పైకెక్కినా సుమారు 54 డిగ్రీలే, అదీ దక్షిణం వైపు. అంటే చూరు అంచు నుంచి ఎండ నేలను తాకేసరికి ఆరున్నర అడుగులు ఉత్తరానికి జరిగిపోతుంది. మండువాలో ఉత్తరపు అంచున ఒకటిన్నర అడుగులకే ఎండ. మిగతాదంతా ఉత్తరపు వసారాలో పడుతుంది. పీట వేయాలనుకున్న చోట రోజంతా నీడే.

ఇంకో సంగతి. మన గడియారాలు నడిచే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ పక్కగా పోతుంది కాబట్టి ఈ ప్రాంతంలో గడియారానికీ సూర్యుడికీ పెద్ద తేడా ఉండదు అనుకుంటాం. జనవరి చివర్లో మాత్రం సూర్యుడు నడిమధ్యకు వచ్చేది 12 గంటలకు కాదు, 12:15 ప్రాంతంలో. కాల్ షీట్‌లో 12 అని రాసుకుంటే నీడలు పావుగంట తప్పుతాయి.

సీన్ 2ని ఉత్తరపు వసారాలో స్తంభం పక్కకు మార్చాం. మాటలున్న సీన్ 6ని దక్షిణపు వసారాకు తెచ్చాం. అక్కడికి శీతాకాలంలో నేరుగా ఎండ రాదు కనుక ఉదయం తీసిన షాటు, సాయంత్రం తీసిన షాటు కలుస్తాయి.

రెండో తప్పు: 4వ తేదీ రెక్కీ ఉదయం 11 నుంచి 12 వరకు, ఒక్క గంటే. ఇల్లు ప్రశాంతంగా ఉందని రాసుకుని వచ్చేశాం. మర్నాడు వెళ్లి తెల్లవారుజామున 5 నుంచి రాత్రి 8 దాకా కూర్చుంటే అసలు సంగతి తెలిసింది. రెక్కీ అంటే ఆ రెండోది. అందులో చేసిన పని, వరసగా:

1. ప్రతి గదినీ టేపుతో కొలిచి గళ్ల కాగితం మీద గీయాలి. కెమెరా వెనక్కి ఎంత పోగలదో అప్పుడే తెలుస్తుంది. పడకగది 9 అడుగులే. 35 ఎంఎం లెన్స్‌తో ఇద్దరినీ ఒకే ఫ్రేములో పట్టాలంటే తలుపు తీసేసి వసారాలో నిలబడాలి.
2. ఎండ మచ్చ అంచున గంటగంటకూ సుద్దతో గీత గీసి, పక్కన టైము రాయాలి. ఇక్కడ గంటకు సుమారు మూడడుగులు తూర్పుకు జరిగింది.
3. ప్రతి ప్లగ్గు దగ్గరా వోల్టేజి చూడాలి, ఉదయం ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి. ఉదయం 228, సాయంత్రం ఆరున్నరకు 184.
4. ఏ ప్లగ్గు ఏ ఫ్యూజు కిందకు వస్తుందో ఒక్కొక్క ఫ్యూజు తీసి చూసి రాసుకోవాలి.
5. అరగంటకోసారి ఒక నిమిషం శబ్దం రికార్డు చేయాలి. చెవికి వినిపించనివి హెడ్‌ఫోన్‌లో వినిపిస్తాయి. ఇక్కడ దొరికింది పక్కింటి బోరు మోటారు.
6. ప్రతి గదిలో ఒక చప్పట కొట్టాలి. ఆ శబ్దానికి తోకలా ప్రతిధ్వని మిగిలితే ఆ గదికి దుప్పట్లు కావాలి.

ఐదో అంకెకు ఒక షరతు ఉంది. జనవరి 5 ధనుర్మాసం, తెల్లవారుజామున గుడి మైకులో తిరుప్పావై. అది చూసి ఉదయం మాటల సీన్లు వద్దనుకున్నాం. తీరా షూటింగ్ పండగ తర్వాత, అప్పటికి ఆ మైకు లేదు. దాని బదులు మాఘమాసం పెళ్లిళ్లు, పొలాల్లో దాళ్వా నాట్లకు దమ్ము చేసే ట్రాక్టర్లు వచ్చాయి. రెక్కీ నాటి శబ్దాల పట్టిక పక్కన పంచాంగమూ పెట్టుకోవాలి. ఏ ముహూర్తాలున్నాయో, ఏ పంట ఏ దశలో ఉందో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. మేం అడగలేదు.

ఇప్పటివరకు: ఖర్చు రూ. 2,000 (ప్రయాణం 1,400, భోజనాలు 600). తీసిన పేజీలు 0.

దశ 2: ప్లాట్‌ఫాం సీన్ ఎలా పోయింది

సీన్ 12: కొడుకు రైలెక్కుతాడు, తండ్రి ప్లాట్‌ఫాం మీద నిలబడిపోతాడు. పేజీన్నర. రైల్వే ఆవరణలో సినిమా తీయాలంటే ఆ జోన్ ముఖ్య ప్రజా సంబంధాల అధికారి కార్యాలయానికి స్క్రిప్టుతో సహా దరఖాస్తు పెట్టుకోవాలి, ఫీజు కట్టాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి. మా చేతిలో ఉన్నది మూడు వారాలు, ఆ పద్దు కింద బడ్జెట్టు సున్నా. అనుమతి లేకుండా ఫోన్‌తో కానిచ్చేద్దామన్న మాట వచ్చింది. వద్దనుకోవడానికి కారణం భయమొక్కటే కాదు: ప్లాట్‌ఫాం మీద రెండో టేకు ఉండదు, సౌండు ఉండదు, కనిపించే ప్రతి మనిషీ కెమెరాలోకి చూస్తాడు.

అప్పటికే ఘాట్ రెక్కీ నోట్సులో ఒక ఫిర్యాదు రాసి ఉంది: "ఆర్చి వంతెన మీద రైళ్లు, మాటలకు పనికిరాదు." ఆ ఫిర్యాదునే సీనుగా మార్చాం. తండ్రి స్టేషనుకు వెళ్లడు, ఘాట్ మెట్ల మీద కూర్చుంటాడు. ఎదురుగా వంతెన మీద రైలు పోతుంది. మాటలు లేవు. పేజీన్నర పేజీ అయింది, స్క్రిప్ట్ తొమ్మిదిన్నర పేజీలకు దిగింది.

ఇక్కడ ఒక భూగోళం తప్పు దొర్లబోయి ఆగింది. స్క్రిప్ట్‌లో కొడుకు ఉద్యోగం వైజాగ్‌లో. రాజమండ్రిలో వైజాగ్ బండి ఎక్కినవాడు గోదావరి దాటడు! వంతెన దాటేది కొవ్వూరు వైపు, అంటే విజయవాడ, హైదరాబాద్ వైపు వెళ్లేవాళ్లు. సీన్ 3లోనూ, సీన్ 8లోనూ "వైజాగ్" అన్నచోట "హైదరాబాద్" అని మార్చితే సరిపోయింది. గోదావరి జిల్లాల ప్రేక్షకుడు మొదటి పది సెకన్లలో పట్టేసే తప్పు ఇది.

దశ 3: మండువా ఇల్లు, మొదటి రోజు (జనవరి 23)

అనుకున్నది మూడున్నర పేజీలు, అయినది రెండుంబావు. పోయిన సమయమంతా మూడు చోట్ల పోయింది.

ఎండ, నీడ తేడా. సీన్ 6లో నటుడు దక్షిణపు వసారాలో, అతని వెనక ఉత్తరపు వసారాలో ఎండ మచ్చ. ముఖానికీ ఆ మచ్చకూ ఆరు స్టాప్‌ల తేడా (ఒక్కో స్టాప్ అంటే వెలుతురు రెండింతలు). ముఖానికి ఎక్స్‌పోజర్ పెడితే వెనక స్తంభం తెల్లకాగితం, స్తంభానికి పెడితే ముఖం బొగ్గు. థర్మోకోల్‌తో ముఖం మీదికి వెలుతురు కొడితే ఒక స్టాప్ దగ్గరైంది, అంతే. 60 వాట్ల ఎల్ఈడీ పగటి వెలుగు ముందు ఏ మూలకూ రాలేదు.

చేసిన మార్పు: వెలుతురు పెంచే ప్రయత్నం మాని ఎండను తగ్గించడం. మండువా తెరపి మీద తెల్లటి మల్లుగుడ్డ, 10 × 10 అడుగులు, రెండు పొరలు. సినిమావాళ్లు స్కిమ్మర్ అనేదానికి ఇది పేదింటి చుట్టం. రెండు పొరలకు ఎండ సుమారు రెండు స్టాప్‌లు తగ్గింది, దానికి మించిన లాభం మచ్చకు అంచు లేకుండా పోవడం. థర్మోకోల్‌తో కలిపి తేడా మూడు స్టాప్‌లకు వచ్చింది, అది కెమెరాకు పడుతుంది.

కట్టడంలో రెండు పొరపాట్లు:

1. మొదట పైకప్పు ఎక్కి కట్టబోయాం. నాటు పెంకులు కాలు పడితే విరుగుతాయి. ఐదు విరిగాయి. తర్వాత లోపలి నుంచే నాలుగు వెదుళ్లు స్తంభాలకు కట్టి, గుడ్డ మూలలు వాటికి లాగాం.
2. రెండు గంటలకు సముద్రపు గాలి మొదలైంది. గుడ్డ తెరచాపలా ఎగిరి దిగుతుంటే నటుడి ముఖం మీద వెలుతురు ఊపిరి తీస్తున్నట్టు పెరిగి తగ్గింది. రెండు టేకులు పోయాక గుడ్డ పైనా కిందా నవారు పట్టీలు అడ్డంగా, నిలువుగా లాగి కట్టాం. ఆగింది.

కరెంటు. హాలోజన్లు రెండూ కలిపి 2000 వాట్లు. 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు. పాత ఇళ్లలో మామూలు ప్లగ్గు మోసేది 5 లేదా 6. రెండూ ఒకే గదిలో పెట్టాం, నాలుగు నిమిషాలకు కిట్‌క్యాట్ ఫ్యూజు పోయింది. లావుపాటి ఫ్యూజు తీగ వేస్తే సరిపోతుందని ఎవరో ఒకరు అంటారు. వినకండి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఫ్యూజు మిగులుతుంది, గోడలో పాత వైరు కాలుతుంది, పైన చూస్తే టేకు దూలాలు.

సరైన పద్ధతి: ఒక లైటు హాలు ఫ్యూజు కింద, రెండోది వంటింటి 16 ఆంపియర్ల ప్లగ్గు నుంచి. ఎక్స్‌టెన్షన్ వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు, చుట్ట మొత్తం విప్పి పరచాలి. చుట్టలో వదిలిన వైరు అరగంటకు చేతికి వేడిగా తగిలింది. హాలోజన్‌కీ చెక్కకీ గుడ్డకీ మధ్య కనీసం మూడడుగులు.

అయినా సాయంత్రం దెబ్బతిన్నాం. నాలుగింటికి తీసిన షాటు, ఏడింటికి తీసిన షాటు పక్కపక్కన పెడితే రెండోది సగం చీకటి, పైగా పసుపు. వోల్టేజి 228 నుంచి 184కు పడితే హాలోజన్ వెలుగు సగానికి పైగా పోతుంది. ఫిలమెంటు వేడి తగ్గి రంగు 3200 కెల్విన్ నుంచి 2900 దగ్గరకు జారుతుంది. వోల్టేజి ఐదో వంతు తగ్గితే వెలుగు కూడా ఐదో వంతే తగ్గుతుందనుకోవడమే ఇక్కడ తప్పు. ఎల్ఈడీల అడాప్టర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా దేన్నైనా సమానంగా తీసుకుంటాయి. మర్నాటికి హాలోజన్లు వెనక్కిచ్చి ఇంకో 60 వాట్ల ఎల్ఈడీ తెప్పించాం. కిటికీలకు నల్లగుడ్డ కట్టి, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే మోతాదు) పెంచి, ఆ చిన్న లైట్లతోనే రాత్రి సీన్లు చేయొచ్చని తేలింది. అద్దె కూడా రూ. 800 తగ్గింది.

చారలు. ఇది ఆ రాత్రి ఫుటేజి కాపీ చేస్తుంటే బయటపడింది. సీన్ 4, వంటిల్లు, ఇంటివాళ్ల బల్బు వెలుగులో తీసింది. ఫ్రేము పైనుంచి కిందికి నల్లటి పట్టీలు జారుతున్నాయి. మన కరెంటు 50 హెర్ట్‌జ్, కాబట్టి చవక బల్బు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కెమెరా 30 ఫ్రేములు, 1/60 షట్టర్‌లో ఉంది. 1/60 సెకనులో మినుకులు పూర్తి సంఖ్యలో పట్టవు. 1/50 అయితే రెండు, 1/100 అయితే ఒకటి, రెండూ సరిపోతాయి.

1. కెమెరా మెనూలో వీడియో పద్ధతిని ఎన్‌టీఎస్‌సీ (60 హెర్ట్‌జ్ కరెంటుకు తగినది) నుంచి పాల్‌కు (50 హెర్ట్‌జ్‌కు తగినది) మార్చాలి.
2. 25 ఫ్రేములు, 1/50 పెట్టాలి. స్లో మోషన్ కావాలంటే 50 ఫ్రేములు, 1/100.
3. కొన్ని కెమెరాలు ఈ మార్పుకు కార్డు ఫార్మాట్ చేయమంటాయి. ముందు ఫుటేజి కాపీ అయిందో లేదో చూసుకోవాలి.

చారలు పడ్డ రెండు షాట్లు మర్నాడు మళ్లీ తీశాం. ఆ రోజు 30 ఫ్రేముల్లో తీసిన మిగతావి ఎడిటింగ్‌లో 25కి మార్చాం. నడక ఉన్న ఒక షాటు కుదుపుగా కనిపిస్తుంది, అలాగే ఉండిపోయింది.

ఇప్పటివరకు: పేజీలు 2.25 / 9.5. ఫుటేజి 74 నిమిషాలు, 55.5 జీబీ (100 ఎంబీపీఎస్ దగ్గర నిమిషానికి 0.75 జీబీ). ఖర్చు రూ. 12,850 (ఆ రోజు 10,850: వ్యాను 3,500, భోజనాలు 2,700, ఇల్లు 2,000, హాలోజన్లు 1,800, వైరు, గుడ్డ, నవారు 850). పెంకుల డబ్బు ఇవ్వబోతే ఇంటి మామ్మగారు తీసుకోలేదు, ఖాళీగా ఉన్న వెనక పంచ నుంచి తీసి వేయించారు.

దశ 4: రెండో రోజు, శబ్దం (జనవరి 24)

ఫోన్ యాప్‌లో డెసిబెల్ అంకెలు అసలు విలువకు దగ్గరగా ఉండవు, కానీ ఒకే ఫోన్‌తో, ఒకే చోట తీస్తే పోలికకు పనికొస్తాయి. మొదటి రోజు రాసుకున్నవి: ఉదయం 6 గంటలకు 36, తొమ్మిదిన్నరకు 58 (దమ్ము ట్రాక్టర్), మధ్యాహ్నం 1 నుంచి రెండున్నర వరకు 41 (ట్రాక్టర్ అన్నం వేళ), 4 గంటలకు 55.

ఈ నాలుగు అంకెలు చూసి రోజును తిరగరాశాం. మాటలున్న షాట్లన్నీ ఉదయం 6:30 నుంచి 8:30, మధ్యాహ్నం 1 నుంచి 2:30. మాటలు లేనివి, చేతులు, ఉత్తరం, కిటికీ, కాఫీ గ్లాసు వగైరా ట్రాక్టర్ నడిచేటప్పుడు. యూనిట్ భోజనం 2:30కి. ఆకలికి సణుగుడు వచ్చింది. ఒంటిగంటకు అరటిపళ్లు, ఉప్మా పెడితే తగ్గింది. ఈ ఒక్క మార్పుతో ఆ రోజు పగలు మూడుంబావు పేజీలు నడిచాయి.

ప్రతిధ్వనికి వేరే వైద్యం. గచ్చు నేల, సున్నపు గోడలు, ఎత్తైన కప్పు. పడకగదిలో మాట నూతిలోంచి వచ్చినట్టుంది.

1. కెమెరాకు కనపడని రెండు గోడలకు బొంతలు వేలాడదీయాలి. పక్కపక్క గోడలు కావాలి, ఎదురెదురువి వద్దు.
2. నేల మీద ఫ్రేము బయట దుప్పట్లు, నటుల కాళ్ల కింద గోనెసంచి.
3. మైకు ఐదడుగుల నుంచి రెండడుగులకు దించాలి. దీంతో మాట 8 డెసిబెళ్లు పెరుగుతుంది, గది ధ్వని అలాగే ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది ఇదే, ఖర్చు లేనిదీ ఇదే. ఫ్రేములోకి మైకు వస్తోందంటే ఫ్రేము బిగించండి.
4. ఫ్యాను, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్‌లో వ్యాను తాళాలు పెట్టండి, మళ్లీ ఆన్ చేయకుండా ఊరు దాటలేరు.

బోరు మోటారుకు మందు, పొరుగింటివాళ్లను ముందు రోజే కలిసి ఫలానా టైముకు ట్యాంకు నింపుకోమని అడగడం. డైరెక్టరు వెళ్లకూడదు, ఆ ఇంటి మామ్మగారు వెళ్లాలి. "మా పిల్లలేనమ్మా, ఓ గంట ఆపరూ" అని ఆవిడ చెప్పినదానికి మా కాలేజీ లెటర్‌హెడ్ సాటి రాలేదు.

ఓడింది సీన్ 11 దగ్గర. రాత్రి 8 గంటలు, తండ్రీకొడుకుల చివరి మాటలు, ఒక పేజీ. ఏడున్నరకు రెండు వీధుల అవతల పెళ్లి ఊరేగింపు, డీజే. రికార్డర్‌లో 80 హెర్ట్‌జ్ లో-కట్ (అంతకంటే కింది శబ్దాలను కోసే ఫిల్టరు) వేశాం. గట్టిగా వినిపించే దరువు దానికి పైన కూడా ఉంది, అదీ కాక పాట మాటలు తెలుస్తున్నాయి, కాబట్టి పోలేదు. కిటికీలకు పరుపులు అడ్డం పెట్టినా బేస్ గోడల్లోంచి వస్తుంది. చట్టప్రకారం రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ ఉండకూడదు. కానీ పెళ్లివారింటికి వెళ్లి నిబంధనలు చదివే ఉద్దేశం ఎవరికీ లేదు, పదిదాకా ఆగితే వ్యాను డ్రైవరు ఆగడు. బొమ్మ మాత్రం తీసి మాటలు వైల్డ్ ట్రాక్‌గా (కెమెరా లేకుండా శబ్దం విడిగా) తర్వాత పట్టుకుందామనుకున్నాం. మూడు షాట్లయ్యాక అదీ ఆపేశాం: నటులు తెలియకుండానే దరువుకు తగ్గట్టు గొంతు పెంచుతున్నారు, ముఖాల్లో సీను లేదు.

దాని బదులు ఏ మాటా లేని సీన్ 9 (అరపేజీ, కొడుకు సర్దుకుంటాడు) డీజే హోరులోనే తీసేశాం. ప్రతి రాత్రికీ మాటల్లేని సీను ఒకటి దాచిపెట్టుకోండి.

ఇప్పటివరకు: పేజీలు 6 / 9.5. ఫుటేజి 162 నిమిషాలు, 121.5 జీబీ. ఖర్చు రూ. 22,450 (ఆ రోజు 9,600: వ్యాను 3,500, భోజనాలు 2,700, ఇల్లు 2,000, ఎల్ఈడీ 1,000, బొంతల ఉతుకు, ఉప్మా 400).

దశ 5: పుష్కర ఘాట్ (జనవరి 25)

అనుమతి: కాలేజీ లెటర్‌హెడ్ మీద తేదీ, సమయం, ఎంతమంది, ఏ సామాను అన్నది రాసి నగరపాలక సంస్థలో ఒకటి, దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఒకటి ఇచ్చి, మన కాపీ మీద ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర కాపీ డైరెక్టరు దగ్గర కాక ప్రొడక్షన్ చూసేవాళ్ల జేబులో ఉండాలి. ఎవరైనా వచ్చి అడిగేది షాట్ మధ్యలోనే.

ఉదయం. సూర్యోదయం 6:35. నది మీద పొగమంచు. లెన్స్ మీద కూడా మంచే: రాత్రంతా ఏసీ గదిలో ఉంచిన కెమెరాను తేమగాలిలోకి తెస్తే ఇరవై నిమిషాలు అద్దం తడారలేదు. తుడిస్తే మళ్లీ పడుతుంది. బ్యాగు మూసి ఏసీ లేని గదిలో ఉంచాలి, అంతే.

సీన్ 1ని దగ్గరి షాట్లతో మొదలుపెట్టడం తప్పు. అవి అయ్యేసరికి 8 దాటింది, మంచు పోయింది, వెడల్పు షాటులో అవతల కొవ్వూరు ఒడ్డు స్పష్టంగా కనిపిస్తోంది. పొగమంచులో ముందు వెడల్పు షాటు, తర్వాత దగ్గరివి. దగ్గరి షాటులో వెనకదంతా ఎలాగూ మసకే, మంచు ఉన్నా లేకున్నా తెలియదు. వెడల్పు షాటు మర్నాడు ఉదయం ఇద్దరే వెళ్లి తీశారు. తండ్రి బదులు అదే పంచె, తువ్వాలు వేసుకున్న యూనిట్ మనిషి, వీపు మాత్రమే.

తొమ్మిదింటికి ఎండ ముదిరింది. లాగ్ ప్రొఫైల్‌లో (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా బొమ్మను చప్పగా రికార్డు చేసే పద్ధతి) కెమెరా ఐఎస్ఓ 800కు కిందకు దిగదు. ఐఎస్ఓ 800, 1/50, ఎఫ్/4 కావాలంటే ఎండలో ఎనిమిది స్టాప్‌లు ఆపాలి, అంటే ఎన్‌డీ 256 (వెలుతురును 256వ వంతుకు తగ్గించే లెన్స్ ఫిల్టరు). అద్దెకు తెచ్చిన వేరియబుల్ ఎన్‌డీ ఐదు స్టాప్‌లదే. చివరిదాకా తిప్పితే 18 ఎంఎం దగ్గర ఫ్రేములో ఇంటూ గుర్తులాంటి నల్ల మచ్చ వచ్చింది. లాగ్ వదిలేసి మామూలు ప్రొఫైల్, ఐఎస్ఓ 100, ఎఫ్/5.6 పెడితే నాలుగు స్టాప్‌లు చాలు, మచ్చ లేదు. రంగులు దిద్దేటప్పుడు కొంచెం ఇబ్బంది పడ్డాం, మచ్చను మించిన ఇబ్బంది మాత్రం కాదు.

జనం. క్లాప్ బోర్డు తీస్తే చుట్టూ వలయం కడతారు. క్లాపు మానేసి, టేకు చివర నటుడే చేతులు ఒకసారి తట్టేవాడు. బొమ్మనూ శబ్దాన్నీ సింక్ చేయడానికి అది చాలు. రిహార్సల్ ఘాట్‌లో వద్దు, పక్క సందులో చేసుకుని వచ్చి నేరుగా టేకే. స్నానాలు చేసేవాళ్లు ఫ్రేములో పడకుండా కెమెరాను పై మెట్టు నుంచి కింది మెట్టుకు దించాం. నేలకు అడుగున్నర ఎత్తు నుంచి చూస్తే మెట్లే అడ్డు.

సాయంత్రం, సీన్ 12. అసలు పరీక్ష. ఘాట్ తూర్పు ఒడ్డున ఉంది, సూర్యుడు ఎదురుగా కొవ్వూరు వైపు దిగుతాడు. అస్తమయం 5:54. రైలు కిటికీల దీపాలు వెలిగినట్టు కనపడాలంటే ఆకాశం కాస్త చీకటి పడాలి, మరీ పడితే ఆర్చీలు కనపడవు. ఈ అక్షాంశంలో సంధ్య వెలుగు ఇరవై మూడు నిమిషాలకు మించి నిలవదు. రెండూ కలిసి కనిపించేది అందులో పన్నెండు నిమిషాలు: 6:02 నుంచి 6:14. ఇది ముందు రోజు ఫోన్‌తో రెండు నిమిషాలకో ఫోటో తీయించి తేల్చిన లెక్క.

వంతెన పొడవు దాదాపు 2.7 కిలోమీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల బండికి మూడు నిమిషాల కాస్త లోపు. అంటే ఒక బండికి ఒక వెడల్పు షాటు, ఒక దగ్గరి షాటు పడతాయి, కెమెరా చోటు మార్చకపోతేనే. అందుకని:

1. ట్రైపాడ్ ఒకేచోట. లెన్స్ మాత్రం 18-55, జూమ్ మార్చడమే.
2. ఎక్స్‌పోజర్ మాన్యువల్. ఆటోలో పెడితే రైలు దీపం తగలగానే ఫ్రేము చీకటవుతుంది.
3. ప్రతి రెండు నిమిషాలకు ఐఎస్ఓ మెట్టు పెంచుతూ ఒకరు టైము చదవాలి.
4. బండి కోసం ఎదురుచూడకుండా 6:02 నుంచి ఖాళీ వంతెనతో తండ్రి ముఖం తీయడం మొదలుపెట్టాలి.

6:05కి వచ్చిన బండి కొవ్వూరు నుంచి ఇటు వస్తోంది, కథకు ఎదురు దిశ. దాన్ని తండ్రి ముఖం మీద ఫోకస్ పెట్టి మసకగా వాడుకున్నాం. 6:09కి గూడ్సు. 6:13కి, వెలుగు ఆఖరయ్యే వేళకు కొవ్వూరు వైపు ప్యాసింజర్ బండి, కిటికీలన్నీ దీపాలతో. ఐఎస్ఓ 3200, ఎఫ్/4. గరుకు కనిపిస్తుంది, సినిమాలో ఉన్నది ఆ టేకే. టైంటేబుల్ నమ్ముకుని ఒక్క బండి కోసమే కూర్చుని ఉంటే ఏదీ దక్కేది కాదు.

కొద్దిసేపటికి హారతి మైకులు మొదలయ్యాయి. మాటల్లేని సీను కనుక నష్టం లేదు. రైలు శబ్దం విడిగా పట్టుకున్నాం. వంతెన మనకు 340 మీటర్ల దూరంలో ఉంటే శబ్దం ఒక సెకను ఆలస్యంగా వస్తుంది. బొమ్మతో పాటు రికార్డయిన శబ్దం కూడా ఆలస్యంగానే ఉంది. ఎడిటింగ్‌లో దాన్ని ముందుకు జరిపి "సరిచేస్తే" రైలు పక్కనే పోతున్నట్టు అబద్ధంగా అనిపించింది. వెనక్కి పెట్టేశాం.

ఇప్పటివరకు: పేజీలు 8.5 / 9.5. ఫుటేజి 214 నిమిషాలు, 160.5 జీబీ. ఖర్చు రూ. 26,350 (ఆ రోజు 3,900: ఆటోలు 600, భోజనాలు 1,800, పడవ 1,200, ఎన్‌డీ అద్దె 300). పడవ వృథా. నది మీద నుంచి తీసిన షాట్లన్నీ ఊగాయి.

దశ 6: జనవరి 26 ఎందుకు వదిలేశాం

సెలవు కదా అని మిగిలిన సీన్ 11కి ఆ రోజు పెట్టుకున్నాం. ముందురోజు సాయంత్రం ఫోన్ చేస్తే తెలిసింది: ఇంటి వెనకే బడి. ఉదయం ఆరు నుంచి మైకులో దేశభక్తి గీతాలు, సాయంత్రం పిల్లల కార్యక్రమాలు. షెడ్యూల్‌లో సెలవు రోజులన్నిటి మీదా ఎర్రగీత పెట్టండి, అవి మనకు ఖాళీ, ఊరికి సందడి.

దశ 7: ప్యాచ్‌వర్క్, అంటే మిగిలిపోయినవి తీయడం (ఫిబ్రవరి 8)

ముహూర్తం లేని రోజని పంతులుగారిని అడిగి ఖాయం చేసుకున్నాం. సీన్ 11ని రాత్రి 8కి కాక మధ్యాహ్నం ఒంటిగంటకు తీశాం, పడకగది కిటికీకి నల్లగుడ్డ రెండు పొరలు కట్టి, దాని వెనక వెలుతురు చొరబడే సందులకు టేపు వేసి. గదిలో దీపం ఉన్నట్టు ఒక ఎల్ఈడీ నారింజ జెలటిన్‌తో (లైటు ముందు కట్టే రంగు పొర), రెండోది తలుపు అవతల నీలి జెలటిన్‌తో. నల్లగుడ్డ కడితే గాలి ఆడదు, ఫ్యాను ఆపాలి. పది నిమిషాలకోసారి తలుపు తీయక తప్పదు. చెమట మెరుపును రెండు షాట్లలో గమనించలేదు.

అదే రోజు ఎడిటింగ్‌లో దొరికిన లోటు పూడ్చుకున్నాం: జనవరిలో దక్షిణపు వసారాకు రూమ్ టోన్ (మాటల మధ్య ఖాళీల్లో నింపే ఆ చోటి నిశ్శబ్దపు శబ్దం) తీయలేదు. ఖాళీ వసారాలో నిమిషం రికార్డు చేస్తే చాలనుకున్నాం, సరిపోలేదు. ఈసారి ట్రాక్టర్లు లేవు, నాట్లు అయిపోయాయి, పిచుకలు మాత్రమే. చివరికి 23వ తేదీ టేకుల్లో మాటకూ మాటకూ మధ్య దొరికిన రెండేసి సెకన్ల ముక్కలు ఏరి, అతికి, పద్దెనిమిది సెకన్ల ముక్క చేసి దాన్నే తిప్పి తిప్పి వేశాం.

మొత్తం: పేజీలు 9.5 / 9.5. ఫుటేజి 242 నిమిషాలు, 181.5 జీబీ. సినిమా నిడివి 9 నిమిషాల 40 సెకన్లు. ఖర్చు రూ. 33,350 (ఆ రోజు 7,000: వ్యాను 3,500, భోజనాలు 1,500, ఎల్ఈడీ 1,000, ఇల్లు 1,000). అనుకున్నదానికి మించింది రూ. 3,350. ఆ మించినదంతా పంచాంగం చూడకపోవడం ఖరీదే.

ఇంకా మిగిలినవి: సీన్ 4 నడకలో కుదుపు, సీన్ 11లో చెమట మెరుపు, సీన్ 2లో స్తంభం మీద ఎండ రెండు షాట్ల మధ్య అడుగు దూరం గెంతడం. మూడోది ఇరవై నిమిషాల కాఫీ విరామం ఫలితం.